పేనిన తీగలు

మా డాక్టరమ్మ ఎవరికీ ఒక్క మాత్ర ఇచ్చిన పాపాన పోలేదు. ఆవిడది భౌతికశాస్త్రంలో డాక్టరేటు. అయిదేళ్లుగా ఒకటే పట్టు: ఇంధనం లేకుండా, వెనక్కి ఏమీ వదలకుండా, మూసిన రాగి గిన్నెలో మైక్రోవేవ్ తరంగాలు నింపి అంతరిక్ష నౌకను ముందుకు నడపాలని. కూర్చున్న కుర్చీని తనే ఎత్తుకున్నట్టుందే అని నేనొకసారి నవ్వాను. ఆవిడ నవ్వలేదు, కొలిచి చూపించింది.

గాలంతా తీసేసిన ఇనుప డ్రమ్ములో సన్నటి తీగకు వేలాడే త్రాసు, దాని చివర గిన్నె. కరెంటు వేయగానే గోడమీద వెలుగుచుక్క ఒక పక్కకు జరిగేది. జరిగిందంటే గిన్నె నెట్టిందన్నమాట. ఎంత నెట్టిందంటారా? రెండు ఆవగింజల బరువంత. ఆవిడ పేరు ప్రతిష్ఠలన్నీ ఆ రెండు ఆవగింజల మీదే ఉన్నాయి.

నేను రాగిరేకు పనివాణ్ణి. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. పాత గిన్నె లోపల నల్లబడితే దాన్ని ముక్కలుగా కోసి పరీక్షకు పంపి, కొత్తది నన్ను చేయమన్నారు. చేశాను. దాని నునుపులో నా గడ్డంలోని తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. నేనే తీసుకెళ్లి బిగించాను. కరెంటు వేశారు. చుక్క కదల్లేదు.

మూడు రోజులు వేశారు. ఉలకదు, పలకదు. ఆవిడ కొలతల్ని సరిచూడ్డానికి పరిశీలన బృందం వచ్చేది ఆ వారంలోనే. నాలుగో రోజు డాక్టరమ్మ గిన్నెలో ఎక్కడో సొట్ట ఉందని, నా చూపు మందగించిందని అందరి ముందూ అనేసింది. నన్ను సామాన్ల గదికి మార్చమని డైరెక్టరుకు ఉత్తరం కూడా రాసింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని ఆవిణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. మా ఆవిడ అంతా విని, నెమ్మదిగా ఒకటే మాట అడిగింది.

"మీ చెయ్యి పడ్డాకే ఆగింది కదా. మరి గిన్నె ఒక్కటే ముట్టుకున్నారా?"

అప్పుడు తట్టింది నాకు. గిన్నె బిగించడం వరకే నా పని, తీగల జోలికి పోకూడదు. కానీ కరెంటు వెళ్లే తీగ ఒక పక్క, తిరిగొచ్చే తీగ ఒక పక్క దిక్కులేనట్టు వేలాడుతుంటే చూడలేక, రెంటినీ కలిపి నున్నగా పేనేశాను. చిందరవందరగా ఏది కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. చేసిన సంగతే మర్చిపోయాను.

తెల్లారగానే వెళ్లి చెప్పేశాను. భయపడలేదంటే అబద్ధం. పరాయి పనిలో వేలు పెట్టినందుకు ఏకంగా ఇంటికే పంపొచ్చు. నేనింకా చెబుతుండగానే డాక్టరమ్మ మొహం పాలిపోయింది. కరెంటు పారే తీగను భూమి అయస్కాంతం కాస్త నెడుతుందట. తీగలు ఎడంగా ఉంటే ఆ నెట్టుడు త్రాసుకు తగులుతుంది. పేనితే ఒకదాని నెట్టుడును ఇంకొకటి కొట్టేస్తుంది.

"తీగలు విప్పండి మేస్త్రీ గారూ," అంది.

విప్పాను. తరంగాలు గిన్నెలోకి పోకుండా దారిలోనే ఆపేసి, తీగల్లో కరెంటు మాత్రం వేసింది. ఖాళీ గిన్నె. అయినా చుక్క జరిగింది, అవే రెండు ఆవగింజలు. అయిదేళ్లుగా ఆవిడ కొలిచింది తను వేలాడదీసిన తీగలనే.

గెలిచాను! గంతెయ్యాలనిపించింది. కానీ స్టూలు మీద కూలబడ్డ ఆవిణ్ణి చూశాక కాళ్లు రాలేదు. ఎవరికీ చెప్పకుండా తీగలు ఇలాగే ఉంచేద్దామా అని నేనే అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు. ఆవిడ మళ్లీ పేనమంది. ఈసారి ఇంకా బిగుతుగా పేనమంది.

రెండు రోజుల తర్వాత బృందం వచ్చింది. డాక్టరమ్మ తీగలు విప్పి ఒకసారి, పేని ఒకసారి చూపింది. గిన్నెకు నెట్టుడే లేదని, ఇన్నాళ్లూ తను ప్రకటించిన అంకెలన్నీ తప్పని తన నోటితోనే చెప్పింది. బృందంలో పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని, లోపం కొత్త గిన్నెలో లేదని ఏమిటి నమ్మకం అని అడిగింది. నేను గోడవారన నిలబడి వింటున్నాను.

"నిన్న నేనే దీన్ని రెండొందల చోట్ల కొలిచాను. ఎక్కడా వంక లేదు," అంది డాక్టరమ్మ. "ఆ పని ముందే చెయ్యాల్సింది. చెయ్యకుండానే ఈయన్ని అందరి ముందూ నిందించాను. నా తప్పు పట్టుకున్నది కూడా ఈయనే."

పెద్దావిడ లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది. ఇంత కదలకుండా నిలబడే త్రాసును తనెక్కడా చూడలేదని, ఇలాంటి గిన్నెలు చేసేవాళ్లంతా ఇక ఇక్కడికే వచ్చి కొలిపించుకోవాలని అంటోంది. నాకు సగం వినబడలేదు. కళ్లనిండా నీళ్లు. అందరి ముందూ పడ్డ మాట అందరి ముందే పోయింది. డాక్టరమ్మా నేనూ తలెత్తుకునే ఆ గదిలోంచి బయటికి నడిచాం.