ఇంటికొక గొంతు

మహాసభకు వచ్చినవాళ్ళు జెండా పట్టుకుని లోపలికి పోవచ్చు, నీళ్ళ సీసా పట్టుకుని పోవచ్చు. గొంతు మాత్రం గేటు దగ్గర ఇచ్చి పోవాలి. ఇంటికొక గొంతు. రాజధానిలో దేశం కోసం ఇంత పెద్ద సభ పెట్టినప్పుడు ఆమాత్రం పద్ధతి ఉండదా మరి!

జనగామ దిక్కు నుంచి బస్సులో వచ్చిన సోమలక్ష్మి వరుసలో నిలబడి ఉంది. ఆమె కొంగు పట్టుకుని వెనకాలే మొగుడు ఉప్పలయ్య. ఆయనకు చూపు పోయి ఆరేళ్ళు. చేతికర్ర తెస్తామంటే వద్దన్నాడు. పెళ్ళాం నోరుండగా కర్రెందుకు? ఆమె "మెట్టు" అంటే కాలెత్తుతాడు, "గుంత" అంటే ఆగుతాడు, "వంగు" అంటే వంగుతాడు. ఆరేళ్ళలో ఒక్క దెబ్బ తగిలించుకోలేదు మహానుభావుడు.

బల్ల మీద వరసగా మూత సీసాలు. బల్ల వెనక మెడలో కండువాతో కార్యకర్త, ఇరవయ్యేళ్ళ పిల్ల.

"ఇద్దరిల ఎవరిదిస్తరు?" అని అడుగుతుంది.

సోమలక్ష్మి ఆలోచించనైనా ఆలోచించదు. ఇంట్లో కూర తక్కువైన రోజు ఎవరు పచ్చడితో సరిపెట్టుకుంటారో, ఇక్కడా వాళ్ళే కదా ముందుకు రావలసింది. "నాదే తీస్కో బిడ్డా. ఆయనకు కండ్లు లెవ్వు. తప్పిపోతే ఎవలనన్న అడుగనీకి నోరన్న ఉండాలె."

నోరు తెరిచి ఊరి పేరు చెబుతుంది. ఆ పేరుతో పాటే గొంతు సీసాలో పడుతుంది. ఆ పిల్ల మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని తలాడిస్తుంది. "మస్తున్నదమ్మా. స్టేజి మీదికి పంపుతం."

నాలుగడుగులు వేశాక ముందర తాడు వస్తుంది. "తాడు" అనబోతుంది సోమలక్ష్మి. ఉత్త గాలి. ఉప్పలయ్య తట్టుకుని ఆమె వీపు మీద పడతాడు.

"చెప్పవేందే?" అని కసురుతాడు.

అప్పుడు గాని ఆమెకు తెలియదు, తాను చేసిన పనేమిటో. ఆయన నోరు ఆయనకు మిగిల్చింది సరే, ఆయన నడిచేది ఆమె నోటితో కదా! గొంతు వాపసు తీసుకుందామని వెనక్కి తిరుగుతుంది. గేటు ఉండవలసిన చోట కూడా జనమే ఉన్నారు.

ఇసుక వేస్తే రాలనంత జనం. నమ్మకం కుదరక కార్యకర్తలు దోసిళ్ళతో నిజంగానే ఇసుక చల్లి చూస్తున్నారు. ఇసుక రాలడం లేదు, తలల మీద ఆగి ఉంది. ఉపన్యాసం ఇవ్వాల్సిన పెద్దాయన ఇంకా రాలేదని మిట్టమధ్యాహ్నాన్ని కూడా కదలనివ్వకుండా ఆపి పెట్టారు. ఇంటికొకరు చొప్పున వచ్చారు కాబట్టి పది లక్షల మందిలో ఎవరికీ గొంతు లేదు. ఇద్దరుగా వచ్చింది వీళ్ళొక్కరే.

కార్యకర్తలు వరసల వెంట వస్తూ అందరి చేతులూ పైకెత్తిస్తారు. రెండూ ఎత్తాలి, ఒకటి కుదరదు. ఉప్పలయ్య చేతిలోంచి కొంగు జారుతుంది. జారీ జారగానే ఇద్దరి మధ్యా ఒక వరస కుర్చీలు, మనుషులతో సహా, వచ్చి కూర్చుంటాయి. ఆమె వాటిని దాటేసరికి ఇంకో వరస. తర్వాత ఇంకోటి.

"సోమీ! ఏడున్నవే?"

మైదానం మొత్తం మీద వినపడేది ఆ ఒక్క కేకే. "అగో, ఎవనిదో గొంతు మిగిలింది," అంటూ ఇద్దరు కార్యకర్తలు ఖాళీ సీసా పట్టుకుని ఆయన వైపు బయల్దేరతారు. సోమలక్ష్మి చప్పట్లు కొడుతుంది, ఆ చప్పుడు ఆయన పట్టుకుంటాడని. చప్పట్ల వేళ అయింది కాబోలనుకుని పది లక్షల మందీ కొడతారు. కుర్చీ మీద బాదుతుంది. అందరూ బాదుతారు. మీ చేతులు పడిపోను, ఒక్క నిమిషం ఊరుకోండర్రా అని తిట్టుకుందామన్నా లోపలి నుంచి మాట రాదు. ఏడుపొస్తుంది, అదీ చప్పుడు లేకుండానే.

అంతలో పెద్దాయన వేదికెక్కుతాడు. బల్ల మీది సీసా ఒకటి తీసి, మూత తిప్పి, గటగటా తాగుతాడు.

"అక్కలారా, అన్నలారా! ఈ దేశం మనది!"

అది సోమలక్ష్మి గొంతు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆమెకు గర్వంగా కూడా ఉంటుంది.

ఉప్పలయ్య మొహం విప్పారుతుంది. "గాడున్నవా! చెప్పకుండ పోతరానే?" అంటూ, ఎత్తిన చేతులు దించకుండానే వేదిక వైపు నడుస్తాడు. సీసా పట్టుకున్నవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. కుర్చీలూ తప్పుకుంటాయి.

ఆ గొంతుకు ఆరేళ్ళుగా ఒకటే పని అలవాటు. ఉపన్యాసం మధ్యలో కూడా ఊరుకోలేకపోతుంది.

"దేశం ముందుకు పోవాలె... ఇగో, మెట్టు. పైలం."

ఉప్పలయ్య కాలెత్తుతాడు. అక్కడ మెట్టు లేదు. అయినా ఆయన కాలు గాలిలో ఆనుతుంది. సోమలక్ష్మి ఉన్నదని చెప్పింది ఏనాడైనా లేకుండా పోయిందా?

"ఇంకో మెట్టు."

రెండో కాలూ లేస్తుంది. వెనకున్న వరస లేస్తుంది, దాని వెనక వరస లేస్తుంది. పెద్దాయనకు ఇది బాగా నచ్చుతుంది. ఉపన్యాసం కాగితాలు కింద పడేసి మెట్లే చెప్పడం మొదలుపెడతాడు.

సోమలక్ష్మి పరుగెడుతుంది. ఈసారి అడ్డం రావడానికి నేల మీద ఎవరూ లేరు. ఆమె చేరేసరికి ఉప్పలయ్య పగిలిన మడమలు ఆమె చెయ్యెత్తినా అందనంత పైన ఉన్నాయి. కింద ఆయన నీడొక్కటే మిగిలింది. మోకాళ్ళ మీద కూలబడి నీడ అంచు పట్టుకుంటుంది. నానిన బట్టలా బరువుగా ఉంది. మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగుతుంది.

పైన ఉప్పలయ్య తూలి ఆగుతాడు. "ఓ సోమీ, ఎవలో నన్ను కిందికి గుంజుతున్నరే!"

వేదిక మీంచి ఆమె గొంతు, ఆమె రోజూ చెప్పినంత ప్రేమగానే జవాబిస్తుంది. "ఎవ్వలు లేరు. నేనున్న గద. నువ్వు నడువు."

ఉప్పలయ్య స్థిమితపడతాడు. వాగు దాటేవాడు పంచె ఎగగట్టినట్టు, వంగి, తన నీడను ఆమె చేతుల్లోంచి పైకి లాక్కుని నడుముకు దోపుకుంటాడు. కాలెత్తుతాడు.