మేనమామ వాకిట్లో విహారయాత్ర

మా తమ్ముడు ఇనోకేకి తెలివి లేదని నేననను. ఉంది, కానీ అదంతా తప్పించుకు తిరగడానికే సరిపోతుంది. వాడి కూతురు లితియా వాళ్ళ బడి పిల్లల్ని పాత రాజధాని చూపించడానికి లెవుకా తీసుకెళ్తున్నారని, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా రావచ్చని కబురొచ్చినప్పుడు, వద్దురా అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"అది పట్నం అక్కా, ఊరు కాదు. రోడ్డు మీద నడుస్తాం, పాత భవనాలు చూస్తాం, మధ్యాహ్నానికి పడవెక్కేస్తాం. పట్నంలో రోడ్డు ఎవడబ్బ సొమ్ము?" అన్నాడు. చెప్పానుగా, తెలివి.

అంత చెప్పినదాన్ని నేను ఇంట్లో కూర్చున్నానా, లేదు. సువాలో వానకి విసుగెత్తిందని ఒక సాకు చెప్పుకుని నేనూ బయల్దేరాను. పెద్దదాన్ని వెంట ఉండి కూడా ఆ రోజు జరిగింది జరగనిచ్చాను కాబట్టి వాణ్ణి ఒక్కణ్ణే తిట్టి ఊరుకునే వీల్లేదు.

లెవుకా నా మరదలు, అంటే ఇనోకే భార్య అరియేతా పుట్టినచోటు. పట్నం అయిపోయిన దగ్గర చిన్న వాగు, వాగు దాటితే వాళ్ళ ఊరు. అక్కడ ఆమె అన్న నెమానీ ఉంటాడు. మాలో పిల్ల పుడితే తండ్రి వైపు వాళ్ళం, మాలో అన్నిటికంటే పెద్ద కానుక తిమింగలం పన్ను, దాంతోపాటు చాపలు, కిరసనాయిలు పట్టుకుని తల్లి పుట్టింటికి వెళ్ళాలి. "ఇదిగో మీ పిల్ల ముఖం, చూసుకోండి" అని చేతులు జోడించి అప్పజెప్పాలి. ఆ తంతు అయ్యేదాకా పిల్ల ఆ ఊళ్ళో అడుగు పెట్టకూడదు, వాళ్ళు దాని ముఖం చూడకూడదు. అయిందా, ఇక మేనమామ ఇంట్లో దాని మాటకి ఎదురు లేదు. చెట్టుమీద కాయ దగ్గర్నుంచి మామ భుజం మీద తువ్వాలు దాకా ఏది కావాలన్నా లాక్కోవచ్చు, మామ నవ్వుతూ ఇవ్వాల్సిందే. పిల్లకి అదొక రెండో ఇల్లు. ఆ తంతు లేకపోతే ఆ ఇల్లు లేదు.

లితియాకి తొమ్మిదేళ్లొచ్చాయి, మేం ఇంకా ఆ గడప తొక్కలేదు. మొదట పన్ను దొరకలేదన్నాం. దొరికిన పన్ను మా పెదనాన్న చావుకి పట్టుకెళ్ళాం. తర్వాత తుఫాను. తర్వాత చాపలు అల్లే మా చిన్నమ్మ అలిగింది. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట, మా సంగతీ అంతే. తల్లి పోయినప్పుడు కూడా అరియేతా పిల్లని నా దగ్గర వదిలి ఒక్కతే వెళ్ళింది. మనవరాలి ముఖం చూడకుండానే పోయింది ఆ ముసలావిడ. తిరిగొచ్చాక అరియేతా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆమె ఏమీ అనదు, అదే మాకు అలుసైపోయింది.

పడవలోనే ఇనోకే పిల్లకి పాఠం చెప్పాడు. ఎవరడిగినా మాది సువా అను, అంతకుమించి మాట్లాడకు అని. అరియేతా సముద్రం వైపు తిరిగి కూర్చుంది. రేవులో దిగగానే పెద్ద నల్ల గొడుగు తెరిచింది, ఎండా లేదు వానా లేదు. ముఖం కనబడకుండా దాన్ని భుజం మీద ఆనించుకుని నడిచింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తనని ఎవరూ చూడట్లేదనుకుంటుందట. మేం ముగ్గురం మూడు పిల్లులం.

టీచరమ్మ పిల్లల్ని వరసలో నడిపిస్తూ అన్నీ చెబుతోంది. పెద్దలు మన దేశాన్ని ఇంగ్లీషు రాణికి రాసిచ్చిన చోట రాయి ఇది, ఓడవాళ్ళు తాగి తన్నుకున్న వీధి ఇది, రెండేసిసార్లు గంట కొట్టే చర్చి గడియారం అది. కొండ ఇంత దగ్గరగా ఉంటే పట్నం పెరగడానికి చోటెక్కడిది, అందుకే రాజధాని సువాకి పోయింది అని చెప్పింది. పిల్లలు శ్రద్ధగా విన్నారు. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, ఎదురొచ్చే ప్రతి ముఖాన్నీ చూస్తూ నడిచాను.

సముద్రం గోడ పక్కన బాదం చెట్టు నీడలో ఒకాయన అరటిపళ్ళు, లేత కొబ్బరికాయలు పెట్టుకుని కూర్చున్నాడు. నెమానీ. వాణ్ణి నేనే ముందు చూశాను. ఇనోకేని మోచేత్తో పొడిచేలోపే లితియా వరసలోంచి తప్పించుకుని అరటిపళ్ళ దగ్గరికి పరిగెత్తింది.

ఆ పిల్ల అచ్చం వాళ్ళ అమ్మమ్మే. అదే వెడల్పాటి నుదురు, అవే సందుపళ్ళు. నెమానీ పండు తియ్యబోయి అలాగే ఆగిపోయాడు. ఏ ఊరమ్మా అని అడగడం నాకు వినబడింది. సువా అంది. మరి మీ అమ్మది అన్నాడు. అమ్మది కూడా సువాయే అంది పిల్ల, నేర్పింది నేర్పినట్టు.

నెమానీ తలెత్తి రోడ్డుకి ఇవతల చూశాడు. గొడుగు కనబడింది. గొడుగు కింద చెల్లెలి పాదాలు కనబడ్డాయి. చెల్లెలి పాదాలు అన్నకి తెలియవా? మా వాడు అప్పటికే వీపు తిప్పేసి, పాత కొట్టు గోడమీద బోర్డు చదువుతున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడగలేదు, వీడు మాత్రం భుజాలు తడుముకుంటున్నాడు.

నెమానీ మమ్మల్ని పిలవలేదు. ఒక అత్తం అరటిపళ్ళు తీసి పిల్ల చేతుల్లో పెట్టాడు. తర్వాత చూడకూడనిది చూసినవాడిలా కళ్ళు దించుకున్నాడు, ఇక పిల్ల వైపు చూడలేదు. మిగిలిన పళ్ళు బుట్టలో వేసుకుని వాగు వైపు వెళ్ళిపోయాడు.

"పోల్చుకోలేదు" అన్నాడు ఇనోకే, ఊపిరి వదిలి.

అరియేతా గొడుగు మూసేసింది. "అన్న నన్ను చూశాడు వదినా" అంది. "చూసి, తనే తల దించుకున్నాడు." ఆ ఒక్క మాటా అనేసి గోడమీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇప్పుడే వెళ్ళి కాళ్ళమీద పడదాం పదరా అన్నాను. ఒట్టి చేతులతోనా అక్కా, అది ఇంకా పెద్ద తప్పు కాదా అన్నాడు వాడు. నిజమే, ఒట్టి చేతులతో పిల్లని ఆ ఊళ్ళోకి తీసుకెళ్ళడం కంటే వాళ్ళ ముఖాన ఉమ్మెయ్యడం నయం. లితియా అరటిపళ్ళు వాళ్ళ క్లాసు పిల్లలందరికీ పంచిపెట్టింది. నాకూ ఒకటిచ్చింది. సంచిలో పెట్టేశాను.

మధ్యాహ్నం పడవ దగ్గర పిల్లల్ని నిలబెట్టి టీచరమ్మ పేర్లు పిలుస్తుంటే నెమానీ రావడం కనబడింది. తల తడిపి దువ్వుకున్నాడు. తెల్ల చొక్కా, నడుముకి చుట్టిన నల్ల సులూ, మెడకి టై. చర్చికి వెళ్ళే బట్టలు. వెనక వాళ్ళావిడ చుట్టిన చాప ఒకటి చంకలో పెట్టుకుని వస్తోంది. గొడవకే వస్తున్నాడనుకున్నాను. రానీ, నాలుగు తిట్టనీ, రెండు తగిలించనీ, మాకు తగినదే అనుకున్నాను. మనసు కాస్త తేలికపడింది కూడా.

వాడు తిట్టలేదు. వాళ్ళావిడ మా ముందు చాప పరిచింది. అది మాకోసమట, వాడు మాత్రం రేవు సిమెంటు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చొక్కాలోంచి తిమింగలం పన్ను తీశాడు. పాతది, చేతులు తగిలి తగిలి పసుపెక్కింది, తాడు మాత్రం కొత్తగా పేనింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని తల వంచాడు. అది తప్పు కాయమని అడిగే కూర్చోడమని మాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"మా ఇంటి పిల్ల మా గుమ్మం ముందు నుంచే పరాయిదానిలా వెళ్ళిపోతోందంటే, మా వల్ల మీకు పెద్ద తప్పే జరిగి ఉండాలి" అన్నాడు. "అదేమిటో నాకు తెలియలేదు బావా. అమ్మ ఏదైనా మాట తూలి ఉంటే, ఆవిడ పోయింది, మనసులో పెట్టుకోకండి. నేను అని ఉంటే నన్ను మన్నించండి. ఇంకోటి కూడా ఉంది. మీరు చూపించకముందే పొద్దున పిల్ల ముఖం చూసేశాను. కావాలని చూడలేదు. అది కూడా కాయండి."

నాకు తల కొట్టేసినట్టయింది. మేం చెయ్యాల్సింది చెయ్యక, దొంగల్లా తిరిగి, పిల్ల చేత తల్లి ఊరు దాపించి, చివరికి వాడి చేత తప్పొప్పించుకుంటున్నాం. ఆ పన్ను పుచ్చుకుంటే, అవును మీదే తప్పు, క్షమించాం అన్నట్టు. పుచ్చుకోకపోతే అరియేతాకి ఇక పుట్టిల్లు లేదు, లితియాకి మేనమామ లేడు. ఇనోకే నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. వాడి మెడ పట్టుకుని చాపమీద కూర్చోబెట్టాను.

"తీసుకో" అన్నాను.

తీసుకున్నాడు. పుచ్చుకున్నాక ఆచారం ప్రకారం మేమందరం దొప్పచేతులు పట్టి చప్పట్లు కొట్టాం, ఆ చప్పుడు నాకే అసహ్యంగా వినబడింది. అరియేతా ఎప్పుడు వెళ్ళిందో, వాళ్ళ అన్న పక్కన సిమెంటు మీద కూర్చుంది, మా వైపు కాదు.

నేను లితియా చెయ్యి పట్టుకుని తెచ్చి చాపమీద తండ్రి ముందు కూర్చోబెట్టాను. "ఇప్పుడివ్వు" అన్నాను ఇనోకే చెవిలో.

"వాళ్ళ పన్నే వాళ్ళకెలా ఇవ్వనక్కా?"

"మన దగ్గర ఇంకేముందిరా?"

వాడు ఆ పన్నునే రెండు చేతుల్లో ఎత్తి పట్టుకున్నాడు. అంత తెలివైనవాడికీ మాటలు తడబడ్డాయి. ఇదిగో మీ పిల్ల ముఖం, ఆలస్యం చేశాం, చూసుకోండి అని గొణిగాడు.

నెమానీ ముందుకి జరిగి పన్ను అందుకున్నాడు, అంతకుముందెప్పుడూ దాన్ని చూడనట్టు. ముద్దు పెట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి, తొందరేమీ లేకుండా, లితియా ముఖం చూశాడు. వాళ్ళావిడ చప్పట్లు కొట్టింది. పుచ్చుకున్నవాళ్ళు చెప్పాల్సిన మాటలు మొదలుపెట్టాడు, ఒక్కటీ వదలకుండా.

"సముద్రం దాటి ఇంత బరువైనది మోసుకొచ్చారు. మీ పెద్దల మర్యాదకి దండం. మీరు తెచ్చిన చాపలకి, కిరసనాయిలుకి, మీరు పడ్డ శ్రమకి మా ఊరంతా దండం పెడుతోంది. మా అమ్మ ఉంటే పొంగిపోయేది."

మేం తెచ్చిన చాపలు! అక్కడున్న చాప ఒక్కటే, వాళ్ళావిడ చంకలో పెట్టుకొచ్చింది, మేం దానిమీద కూర్చున్నాం. వరసకి నేను వాడికి మరదల్ని, మాలో బావ నలుగురి ముందూ మరదల్ని ఎంత మాటన్నా చెల్లుతుంది. ఒక్క ఎత్తిపొడుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఉంటే దానికి తల వంచి, అవును బావా అని బతికిపోయేదాన్ని. వాడు మా చాపల నేత ఎంత మెత్తగా ఉందో చెబుతున్నాడు, వెటకారమేమీ లేకుండా, నిజంగానే చెబుతున్నాడు.