తెల్ల తొట్టి ఉన్న హోటలు

ఆ ఎండాకాలం ఉదయగిరిలో వానల మాట పక్కకు పోయింది. బస్టాండులో, టీ అంగళ్ళలో, ఆఖరికి బావి దగ్గర కూడా ఒకటే చర్చ. మోటార్ల మాలకొండయ్య మద్రాసులో ఏ హోటల్లో దిగుతాడు?

దిగడమంటే ఏ సత్రంలోనో మూట తలకింద పెట్టుకుని పడుకోవడం కాదు. ఆ ఏడు పడమటి తాలూకాల్లో అందరికంటే ఎక్కువ పంపుసెట్లు అమ్మినందుకు కంపెనీవాళ్ళు మాలకొండయ్యకు బహుమానం ఇచ్చారు. మొగుడూ పెళ్ళాం మద్రాసు వచ్చి, రెండు రాత్రులు పెద్ద హోటల్లో దొరల్లాగా ఉండి పోవచ్చు. ఖర్చంతా కంపెనీదే. రెండు హోటళ్ళ రంగుల పుస్తకాలు పంపి, మీకేది నచ్చిందో వారంలోగా టెలిగ్రాం కొట్టండి అన్నారు. ఇంకేముంది, మాలకొండయ్య ఇంటి పంచలో పొద్దస్తమానం జనమే.

ఇంగ్లీషు చదివి చెప్పే పని మాలకొండయ్య స్నేహితుడు రాజమోహన్ నెత్తికెత్తుకున్నాడు. "ఇదిగో, చంద్రవిలాస్ ప్యాలెస్! తొమ్మిది అంతస్తులు. లిఫ్టు. గదిగదికీ ఏసీ. అద్దాల మేడరా అబ్బయ్యా!" అని బొమ్మలు చూపిస్తుంటే అందరూ మెడలు చాచి చూశారు. రెండోది సాగర్ మహల్. సముద్రం పక్కన రెండే అంతస్తులు, చుట్టూ కొబ్బరిచెట్లు. "ఇది పాతకాలం బంగళా మాదిరి ఉండాది, ఏం బాగుంటాదిలే" అని రాజమోహన్ దాన్ని పక్కన పడేశాడు.

ఆ పక్కన పడేసిన పుస్తకం కాఫీ గ్లాసులు తీయడానికి వచ్చిన ఓబులమ్మ కాళ్ళ దగ్గర తెరుచుకుని పడింది. మాలకొండయ్య భార్య ఆమె. వంగి తీయబోయి అలాగే ఆగిపోయింది. ఆ పేజీలో ఒక తెల్లటి తొట్టి ఉంది. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత తొట్టి. అంచులదాకా నీళ్ళు. పైన వెండిలా మెరిసే కుళాయి. అబ్బ! ఓబులమ్మ గుండె ఒక్కసారి ఎగిరిపడింది. గ్లాసులు చేతిలో ఉన్న సంగతి కూడా మరిచిపోయింది.

ఆమె సంగతి తెలిస్తే మీరూ నవ్వరు. చుట్టుపక్కల పల్లెల్లో ఎన్ని బావులకు మోటార్లు బిగించాడో ఆ మాలకొండయ్యకే తెలీదు గానీ, ఆయన ఇంట్లో మాత్రం చుక్క నీరు లేదు. పెరట్లో ఎక్కడ తవ్వినా బండే. కాపరానికి వచ్చిన నాటినుంచి ఓబులమ్మ కొండ కింది బావికి పోయి, చేంతాడు లాగి, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని ఎగువకు ఎక్కి వస్తూనే ఉంది. ఇంటిల్లిపాదికీ పోగా తన స్నానానికి మిగిలేది అడుగంటిన బకెట్టు. అదీ కరివేపాకు చెట్టు పక్కన బండమీద కూర్చుని పోసుకోవాలి, నీళ్ళు చెట్టుకు పోవాలి కాబట్టి. ఆ ఇంట్లో ఒంటిమీద పోసుకున్న నీళ్ళు ఏదో ఒక మొక్క మొదట్లోకి చేరకుండా వృథాగా పోయిన రోజు లేదు.

మరునాడు బావి దగ్గర ఆ తొట్టి సంగతి హజరాబీ చెవిన వేసింది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, నీళ్ళకు జంటగా పోయి జంటగా రావడం అలవాటు.

"మెడదాకా నీళ్ళంటే! ఒక్క బిందె కూడా మనం మోసింది కాదంటే!" అంది ఓబులమ్మ. కళ్ళు చక్రాల్లా తిప్పింది.

"యా అల్లా! అయితే అడుగక్కా, ఆ హోటలే కావాలని."

"ఏమని అడిగేదే? పంచనిండా మొగోళ్ళు. తానం మాట ఎత్తితే నవ్విపోరా?"

"నవ్వనీ. వాళ్ళేమన్నా బిందె మోసినారా?" అంది హజరాబీ చేంతాడు సర్రున లాగుతూ.

అయినా ఓబులమ్మకు అడగాలంటే నోరు రాలేదు. సాయంత్రానికల్లా మాలకొండయ్య చంద్రవిలాస్ వైపే మొగ్గాడు. అప్పుడు ఓబులమ్మ అత్త వెంకమ్మ పంచ మూల మంచంమీద నుంచి అడ్డం కొట్టింది. నడుం పట్టేసి మంచానికే అంటుకుపోయినా ఇంటి పెత్తనం ఇంకా ఆమెదే.

"ఫోటో చూసి పిల్లనిస్తారంట్రా ఎవురన్నా? సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనిషిని పంపించి ఇరుగుపొరుగును విచారించమా? రెండు రాత్రులు పండుకోవాల, వాళ్ళ తిండి తినాల. ఎట్టాంటోళ్ళో ఏమో! మనిషిని పంపండి."

అందరికీ ఈ మాట నచ్చింది. వలి ఉన్నాడు కదా, బత్తాయిల లోడు వేసుకుని వారం వారం మద్రాసు పోయే లారీ డ్రైవరు! పెళ్ళిసంబంధాల విచారణలో వాడిది అందెవేసిన చెయ్యి. ఎవరి ఇంట్లో ఏ రోగముందో, ఎవరి పిల్లోడు బీడీ తాగుతాడో టీకొట్టులో కూర్చుని లాగేయగలడు. రెండు హోటళ్ళనూ విచారించి రమ్మని వాడిని పంపించారు.

వలి తిరిగొచ్చిన పూట పంచలో కాలు పెట్టే సందు లేదు. వాడు కండువాతో మొహం తుడుచుకుని, మధ్యవర్తి ఫోజు పెట్టి మొదలుపెట్టాడు.

"మొదట చంద్రవిలాస్. ఎదురుగా కిళ్ళీకొట్టోణ్ణి అడిగినానన్నా. పెద్దింటోళ్ళేనంట. కొంచెం టెక్కు ఎక్కువ. గేటుకాడ నన్ను నిలబడనిచ్చినారు గానీ కూర్చోమనలా. సాగర్ మహల్ వాళ్ళు మాత్రం మర్యాదస్తులు. గేటుకాడి ముసలాయన మజ్జిగ ఇచ్చినాడు, ఏ ఊరని అడిగినాడు. వంట కూడా బాగుంటాదంట."

తలుపు చాటున ఓబులమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"మరి నీళ్ళో?" అంది వెంకమ్మ.

ఆ సీమలో సంబంధం మాట్లాడేటప్పుడు ఆస్తి తర్వాత, అందం తర్వాత. ముందు బావి ఉందా లేదా అనే అడుగుతారు. పంచలో అందరూ వలివైపు మెడలు తిప్పారు.

"ఆడనే తకరారు," అన్నాడు వలి. "చంద్రవిలాస్‌కి సొంత బావులు ఉండాయి, ఎండేది లేదంట. సాగర్ మహల్ సముద్రం పక్కన గదా, ఆడ బావి నీళ్ళు ఉప్పు. మంచినీళ్ళు టాంకరు లారీలో తెప్పించుకుంటారు. ఆ టాంకరు డ్రైవరే చెప్పినాడు నాకు. బండి చెడిపోతే ఆ పూటకు కుళాయిల్లో గాలే."

"నీళ్ళు లేని ఇల్లా! వద్దు గాక వద్దు!" అని నలుగురూ ఒక్కసారే అన్నారు. ఇంక మాట్లాడేదేముంది? మాలకొండయ్య తల ఊపాడు. రాజమోహన్ టెలిగ్రాం రాయడానికి జేబులోంచి పెన్ను తీశాడు.

ఓబులమ్మ ఆ పెన్ను చూసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంక జన్మలో ఆ తొట్టి లేదు. ఎలా వచ్చిందో తెలీదు, తలుపు నెట్టుకుని పంచ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"నాకు తొట్టి కావాల," అంది.

మాలకొండయ్య నోరు తెరిచాడు. "ఏం తొట్టే?"

"తానం చేసే తొట్టి. సాగర్ మహల్‌లో ఉండాది, బొమ్మ చూసినా. చంద్రవిలాస్ పుస్తకమంతా తిరగేసినా, యాడా లేదు. మీ లిఫ్టు నాకొద్దు, ఏసీ నాకొద్దు. పెండ్లయినకాడి నుంచీ ఈ ఇంటికి నీళ్ళు మోసినా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను మోయని నీళ్ళల్లో మెడదాకా కూచోవాల. ఇంక నన్నేమీ అడగొద్దండి!"

గుక్క తిప్పుకోకుండా అనేసింది గానీ సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వబోయి, వెంకమ్మ చూపుకు మింగేశారు. ముసలామె కోడలివైపు చాలాసేపు చూసింది. తర్వాత తన నడుంమీద చెయ్యి వేసుకుంది.

"ఈ నడుం ఆ బావికాడనే పోయిందిరా మాలకొండా. నాకు ముందు మా అత్తది పోయింది. రాయి నాయనా రాజమోహనూ, సాగర్ మహలని రాయి."

"రాస్తే రాయండి గానీ, ఆ పూట టాంకరు రాకపోతే?" అన్నాడు మాలకొండయ్య ఉడుక్కుంటూ. "ఊరందరి ముందర పరువు పోతాది."

"రాకపోతే మళ్ళా జన్మలో నిన్ను ఏదీ అడగను," అంది ఓబులమ్మ.

బయలుదేరిన రోజు చూడాలి సందడి! హజరాబీ కొత్త సబ్బు చేతిలో పెట్టి, "నా పేరు చెప్పి ఒక మునక ఎక్కువ ముణుగక్కా" అంది. వార్త బస్సుకంటే ముందే ఆత్మకూరు చేరినట్టుంది. బస్టాండులో బస్సు ఆగగానే ఎవరో పక్క బస్సు కిటికీలోంచి, "ఏం మాలకొండయ్యా, తొట్టికేనా ప్రయాణం?" అని కేకేశారు. మాలకొండయ్య తలపాగా మొహంమీదికి లాక్కున్నాడు. ఓబులమ్మ మాత్రం తలెత్తి, "అవునబ్బా, తొట్టికే!" అంది. ఆమెకు ఆ రోజు దేనికీ సిగ్గు వేయలేదు.

నెల్లూరులో రైలెక్కి మద్రాసు చేరారు. సాగర్ మహల్ గది కిటికీలోంచి సముద్రం అంత దగ్గరగా కనిపిస్తుంటే, అటు చూడనైనా చూడకుండా ఓబులమ్మ నేరుగా స్నానాలగదిలోకి పోయింది. ఉంది! బొమ్మలో ఉన్నట్టే ఉంది. తెల్లగా, చల్లగా, పాలరాయి మాదిరి. చేత్తో తడిమింది. కుళాయి తిప్పింది.

గుర్రుమంది. ఒక దగ్గు దగ్గింది. అంతే, చుక్క రాలేదు.

గదిలోంచి మాలకొండయ్య, "ఏమే, నిండిందా?" అన్నాడు. ఆమె కుళాయిని ఇంకోసారి కొసదాకా తిప్పి చూసింది. ఇంతలో గది చూసుకునే పెద్దమనిషి మంచినీళ్ళ కూజా తెచ్చాడు. మద్రాసు తెలుగులో క్షమించమన్నాడు. "టాంకరు ఇంకా రాలేదమ్మా. వస్తుంది. అందాకా బీచికి పోయి రండి."

"పోదాం పదవే," అన్నాడు మాలకొండయ్య.

"నువ్వు పోయిరా. నేను రాను," అంది ఓబులమ్మ. పట్టుచీర నలుగుతుందన్న ఆలోచన కూడా లేకుండా ఉత్త తొట్టి అంచుమీద కూర్చుంది. ఆయన కూడా పోలేదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎగతాళి చేయాలని నోటిదాకా వచ్చింది గానీ, పెళ్ళాం మొహం చూసి ఊరుకున్నాడు.

ఎంతసేపు అలా కూర్చున్నారో! బయట ఎక్కడో లారీ రొద వినిపించింది. ఓబులమ్మ దిగ్గున లేచింది. కుళాయి మళ్ళీ దగ్గింది, తుప్పు నీళ్ళు ఉమ్మింది, ఆ తర్వాత ధారగా, లావుగా, తెల్లగా దూకింది.

"వచ్చె! వచ్చె! అయ్యో సామీ, వచ్చెనయ్యా!" అని ఓబులమ్మ చప్పట్లు కొట్టింది. మొగుణ్ణి బయటికి నెట్టి తలుపు వేసుకుంది.

ఆ స్నానం గురించి ఏం చెప్పాలి! మెడదాకా నీళ్ళు. కాళ్ళు చాపింది. చేతులు వదిలేసింది. మెడమీద, నడుంమీద బిందెల బరువు పడిన చోటల్లా నీళ్ళు తాకుతుంటే ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. మునిగింది. తేలింది. హజరాబీ పేరు చెప్పి ఇంకోసారి మునిగింది. బతికినన్నాళ్ళూ ఈ సంతోషం చాలనుకుంది.

లేచి చీర కట్టుకున్నాక వచ్చింది చిక్కు. అడుగున మూత లాగితే నీళ్ళు పోతాయని ఆ పెద్దమనిషి చూపించి వెళ్ళాడు. గొలుసు చేత్తో పట్టుకుంది గానీ లాగలేకపోయింది.

"ఏమయ్యా, ఇవి యాడికి పోతాయి?"

"కాలవలోకి."

"ఇన్ని నీళ్ళా! చెట్టుకు గూడా కాకుండానా!"

ముందు మొగుణ్ణి అదే నీళ్ళలోకి దింపింది. తర్వాత ప్రయాణం బట్టలు జాడించింది. అయినా తొట్టి నిండుగానే ఉంది. తలుపు తీసి చూస్తే వరండా పొడుగునా ఇత్తడి కుండీల్లో మొక్కలు వాడి వేలాడుతున్నాయి. టాంకరు నీళ్ళు మనుషులకే చాలవు, వాటికెవరు పోస్తారు? ఓబులమ్మ కొంగు దోపింది. ఒక బకెట్టు తను తీసుకుని, రెండోది మాలకొండయ్య చేతిలో పెట్టింది.

"నేనా?" అన్నాడాయన.

"నువ్వే. పట్టు."

పంపుసెట్ల డీలరు మాలకొండయ్య పంచె పైకి కట్టి, ఎర్ర తివాచీమీద నీళ్ళ బకెట్టు మోసుకుంటూ నడిచాడు. కూజా తెచ్చిన పెద్దమనిషి చూసి మొదట నోరెళ్ళబెట్టి, ఆనక నవ్వి, "తోటలో కూడా ఎండుతున్నాయమ్మా" అని కింది మెట్లు చూపించాడు. మెట్లు దిగి ఎక్కి, దిగి ఎక్కి, కాసేపటికే మాలకొండయ్య బకెట్టు కింద పెట్టేశాడు. అరచేతులు ఎర్రబడ్డాయి, రొప్పుతున్నాడు. పెళ్ళాం మాత్రం చెమటైనా పట్టకుండా పక్కనుంచి దాటిపోతోంది.

"ఓబులమ్మా," అన్నాడు. ఆమె ఆగింది. "మన బావికాడి నుంచి ఇంటికి ఇంతకంటే ఎగువే గదా?"

"ఎగువే."

"రోజుకెన్నిసార్లే?"

"ఎప్పుడన్నా లెక్కపెడితే గదా."

ఆయన తల వంచుకుని అరచేతులు చూసుకున్నాడు. ఊరూరా మోటార్లు బిగించిన చేతులు అవి. "ఇంటికి పోంగానే పంచాయతీలో అడిగి, ఆ బావికి నా మోటారు పెట్టిస్తా. వాకిటిదాకా పైపు లాగుతా. ఇన్నాళ్ళూ నాకెందుకు తోచలేదో!" అన్నాడు.

ఓబులమ్మ బకెట్టు కింద పెట్టింది. ఆమె కళ్ళు నిండాయి, అయినా మొహమంతా నవ్వే.

"హజరాబీ వాకిట్లో కూడా ఒక కుళాయి పెట్టాల," అంది.

"పెడతా."

"అట్టయితే లెయ్. తొట్టి ఇంకా సగం ఉండాది."