ఆఖరి పేజీలు షాపులోనే చదవవలెను

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళను నేనేమీ అనను. వాళ్ళ ఇష్టం వాళ్ళది. కానీ అలాంటివాళ్ళను కారులో కూర్చోబెట్టుకుని ఊరూరా తిప్పేవాళ్ళ గురించి ఇంతవరకూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదేమని నా బాధ. నేను కరెంటు ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటాను. బిల్లులు తప్ప దేన్నీ చివరిదాకా చదివే అలవాటు నాకు లేదు. అలాంటి నన్ను మా పిన్ని ఈ ఏడాది చిన్న ఊళ్ళ లైబ్రరీలూ పాత పుస్తకాల షాపులూ ఒక్కటి వదలకుండా తిప్పింది. ఆదివారం వెళదామంటే ఆ చిన్న లైబ్రరీలు తెరిచేవాళ్ళుండరు, మిగతా రోజుల్లో నాకు ఆఫీసు. నా క్యాజువల్ లీవులన్నీ హారతి కర్పూరంలా కరిగిపోయాయి.

పిన్ని మా అమ్మ చెల్లెలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఊళ్ళోవాళ్ళ కాపురాలన్నీ చెవులారా విన్నాక ఎవరు చేసుకుంటారే?" అంటుంది. మా ఇంటికి గంట ప్రయాణంలో ఒక మేడమీద రెండు గదుల్లో ఉంటుంది. ఒక గది పుస్తకాలది. రెండోదాంట్లో పుస్తకాలు కాస్త చోటిస్తే పిన్ని పడుకుంటుంది.

ఆవిడకు కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమ కన్నుకు కూడా నడిమధ్య మసక కమ్మింది. భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరాన్నీ పట్టి పట్టి చూడాలి. "ఈ ఏడాది దాటడం కష్టం" అని డాక్టరు తేల్చేశాడు. కన్ను గురించే లెండి. ఇంకెవరైనా అయితే కూర్చుని ఏడ్చేవాళ్ళు. పిన్ని నాకు ఫోన్ చేసి, "ఏమే, కార్లో పెట్రోలుందా?" అంది.

విషయం ఏమిటంటే, పిన్ని పడుచుదనంలో వాళ్ళున్న ఊళ్ళో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేదట. పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు ఒక పట్టాన తిరిగిచ్చేవాళ్ళు కారట. దాంతో విసిగిపోయిన ఆ షాపాయన ఒక ఉపాయం పన్నాడు. ప్రతి నవలకూ చివరి పేజీలు స్కేలు పెట్టి నీటుగా కోసేసి, దారంతో కట్టి, నంబరు వేసి కౌంటరు కింద దాచేవాడు. గోడకు బోర్డు: 'ఆఖరి పేజీలు షాపులోనే చదవవలెను'. పుస్తకం తెచ్చి చేతికిస్తేనే ముగింపు ఇస్తాడు. అక్కడే నిలబడి చదివేసి పోవాలి. ఊరంతా ఆయన్ని క్లైమాక్స్ గారు అని పిలిచేవాళ్ళట. ఒక్క పుస్తకం కూడా పోలేదట ఆయన షాపులో, మా పిన్ని చేతిలో పడ్డది తప్ప.

ఆ నవల పేరు చెప్పను. చెబితే మీరూ బయల్దేరతారు. పిన్ని దాన్ని చదువుతూ ఉండగానే తాతయ్యకు ఉన్నపళంగా ట్రాన్స్‌ఫరైంది. సామాన్ల లారీ ఎక్కి పుస్తకం పిన్నితో వచ్చేసింది, ముగింపు క్లైమాక్స్ గారి దగ్గర ఉండిపోయింది. అందులో ఒక అమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళిపోతుందట. మళ్ళీ తిరిగొచ్చిందా లేదా అన్నది పిన్నికి నలభై ఏళ్ళుగా తెలియదు.

"కన్ను పూర్తిగా మూతబడేలోగా ఆ ముగింపు నా కంటితో నేను చదువుకోవాలే. ఇంకేం అడగను నిన్ను" అంది.

"దొరికితే నేను చదివి వినిపిస్తాలే పిన్నీ. నువ్వెందుకు ఈ ఎండల్లో పడి తిరగడం?"

"నువ్వా? నువ్వు చదివితే కరెంటు బిల్లు చదివినట్టుంటుంది."

ఇలా ఉంటుంది వ్యవహారం. సాయం చేసేవాళ్ళను కూడా ఒక మొట్టికాయ వేసిగాని కారెక్కదు.

ముందుగా ఆ పాత ఊరికే వెళ్ళాం. షాపున్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. క్లైమాక్స్ గారి పేరు చెబితే ఆ కుర్రాళ్ళు అదేదో కొత్త మోడలనుకున్నారు. ఇక ఏ ఊళ్ళోనైనా ఆ నవల నిండు ప్రతి దొరక్కపోతుందా అని లైబ్రరీల మీద పడ్డాం. ఒక ఊళ్ళో లైబ్రరీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల మనిషి లేడు. ఇంకో ఊళ్ళో మనిషి ఉన్నాడు గాని బీరువాల తాళాలు సెలవులో ఉన్నాయి. అంటే తాళాలు జేబులో పెట్టుకున్నాయన సెలవులో ఉన్నాడు. మరో చోట బల్ల చుట్టూ పేపర్లు పరుచుకుని నలుగురు పెద్దమనుషులు కునుకు తీస్తున్నారు. కాస్త గొంతు పెంచితే "సైలెన్స్" అని కళ్ళు తెరవకుండానే కసిరారు.

వీటన్నిటినీ మించింది ఇంకొకటుంది. అక్కడ పుస్తకాలు ఎత్తు ప్రకారం సర్దారు. పొట్టివి పైన, పొడుగువి కింద.

"రచయిత పేరు ప్రకారం పెట్టొచ్చు కదండీ" అన్నాను లైబ్రేరియన్‌తో.

"పెట్టి చూశామమ్మా. ఎగుడుదిగుడుగా ఉండి చూడ్డానికి బాగోలేదు" అన్నాడాయన.

పిన్ని నవల పేరు చెప్పింది. ఆయన రిజిస్టరు తిరగేసి, ఉంది అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. "అయితే లెక్కలో ఉందమ్మా, అలమరలో ఎక్కడుందో తెలీదు. దొరికినా మెంబర్‌షిప్ ఉంటేనే ఇస్తాం. మెంబర్‌షిప్ కావాలంటే ఈ ఊళ్ళో అడ్రసుండాలి."

"పుస్తకం వద్దు బాబూ. ఆఖరి పేజీలు ఇక్కడే చూసి ఇచ్చేస్తాను" అంది పిన్ని.

"ఆఖరి పేజీలకైనా అడ్రసుండాలమ్మా."

ఆ రోజు నేనే స్టూలెక్కి పొట్టి పుస్తకాల నుంచి పొడుగు పుస్తకాల దాకా మొత్తం వెతికాను. ఒంటి నిండా దుమ్ము, ముక్కు నిండా తుమ్ములు. నవల మాత్రం లేదు. బయటికొచ్చాక పిన్ని తాపీగా, "పై వరస మళ్ళీ ఒకసారి చూడాల్సిందేమోనే" అంది. తల ప్రాణం తోకకొచ్చింది.

"పిన్నీ, ఒక్క మాట చెబుతున్నా విను. ఈ రోడ్డు చివర పాత పుస్తకాల షాపుందట. అదొక్కటి చూస్తాం. అంతే, ఇదే ఆఖరు ట్రిప్పు. ఇక నన్ను పిలవకు. నాకూ ఇల్లుంది, ఉద్యోగముంది."

పిన్ని బ్యాగు గుండెలకు హత్తుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ కన్నుకు బయట ఏం కనబడుతోందో నాకు తెలియదు. తిట్టినందుకు బాధేసింది, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ పాత పుస్తకాల షాపు నిజానికి రెండు గోడల మధ్య సందు. సందు నిండా నిలువెత్తు దొంతరలు. మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి, దారి చివర స్టూలు మీద షాపాయన. "కిందివి లాగొద్దమ్మా, పైవి మీద పడతాయి" అన్నాడు. "మరి కిందివి ఎలా చూడాలండీ?" అంటే, "పైవి కొంటే కిందివి కనబడతాయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండి, చేతికందిన నవల ఒకటి లాగి ఊరికే చివరి పేజీ తిప్పాను. ఒక వాక్యం సగంలో ఆగిపోయి ఉంది. ఆ తర్వాత అట్టే. ఇంకోటి తీశాను. దానికీ చివర లేదు. మరోటి తీసినా అదే తంతు.

"ఏమిటండీ ఇది, అన్నీ తలకాయలే గాని ఒక్కదానికీ తోక లేదు!" అని అరిచాను.

పిన్ని చటుక్కున ఆ పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. చివర కోసిన అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసింది. "చింపింది కాదే ఇది. స్కేలు పెట్టి కోసింది" అంది.

షాపాయన నిట్టూర్చాడు. "క్లైమాక్స్ గారి సరుకమ్మా. షాపు ఎత్తేసినప్పుడు టోకున కొన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్కదానికీ చివర లేదు. వెళ్ళి అడిగితే, 'నువ్వు పుస్తకాలు కొన్నావు, ముగింపులు కొనలేదుగా' అన్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఇప్పుడు పక్క ఊళ్ళో కూతురి దగ్గరుంటున్నాడు. బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు."

నేను కారు తాళాలు తీశాను. ఆఖరు ట్రిప్పన్న మాట ఇద్దరం ఎత్తలేదు.

జిరాక్స్ షాపులో కూతురు మిషను దగ్గర నిలబడి ఎవరివో సర్టిఫికెట్లు కాపీ తీస్తోంది. వెనక ప్లాస్టిక్ కుర్చీలో సన్నగా, నిటారుగా ఒక ముసలాయన. పిన్ని ఆయన ముందుకెళ్ళి, "మీ దగ్గర నాది ఒక ముగింపు ఉండిపోయిందండీ" అంది.

ఆయన ఆశ్చర్యపోలేదు. ఎగాదిగా చూసి, "పుస్తకం తెచ్చారా?" అన్నాడు.

"నాన్నా, ఇంకా ఆ రూల్సేంటి నాన్నా!" అంది కూతురు. ఆవిడ గొంతులో నా గొంతే వినిపించింది నాకు.

పిన్ని బ్యాగు జిప్పు లాగి లావుపాటి పుస్తకం ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. అంటే ఇన్ని ఊళ్ళూ ఆ ఇటుకరాయి మోసుకునే తిరిగిందా! ఆయన అట్ట వెనక నంబరు చూసుకుని, కాగితాల కట్టల వెనకనున్న ట్రంకుపెట్టె తెరిచాడు. దాన్నిండా ముగింపులే. నంబర్లు చదువుకుంటూ, దారం కట్టిన చిన్న కట్ట ఒకటి తీసి ఇచ్చాడు.

"కూర్చుని చదువుకోండమ్మా. ఇప్పుడు మీ వెనక లైను లేదుగా" అన్నాడు.

"నిలబడే చదువుతాను" అంది పిన్ని. దారం విప్పి, కాగితాలు కౌంటరు మీద పెట్టి, భూతద్దం తీసింది.

నేను చూడకూడదనుకుంటూనే భుజం మీదుగా తొంగి చూశాను. దారం విప్పడంలో కట్ట తిరగబడి, వెనక అట్టకు ముందుండే కాగితం పైకొచ్చింది. అది కథ కాదు. 'మా ఇతర ప్రచురణలు' అని పైన పెద్దక్షరాలు, కింద పుస్తకాల పేర్లు, ఎదురుగా ధరలు. సరిచేస్తుందనుకున్నాను. పిన్ని సరిచేయలేదు. భూతద్దాన్ని మొదటి వరస మీద పెట్టి నెమ్మదిగా జరిపింది. తర్వాత రెండో వరస. మధ్యలో ఒకచోట ఆగి, "అయ్యో పిచ్చిదానా" అంది మెల్లగా. అడుగు దాకా వచ్చాక కొంగుతో కన్ను తుడుచుకుంది. తర్వాతి కాగితాలను కూడా అదే ఓపికతో ఒక్కొక్కటే తిప్పింది.

డాక్టరు చెప్పిన ఏడాది ముందే అయిపోయింది. ఎప్పుడు అయిపోయిందో, ఎన్ని లైబ్రరీల కిందట అయిపోయిందో, ఈ మహాతల్లి నాతో ఒక్క మాట అనలేదు. క్లైమాక్స్ గారు కూడా ఆ ధరల కాగితాన్ని చూశాడు. నా వంక చూశాడు.

పిన్ని కాగితాలు సర్దాక ఆయన పుస్తకాన్ని తిరిగి ముందుకు జరిపాడు. "షాపే లేనప్పుడు నాకెందుకమ్మా ఇది. గమ్ముంది ఇక్కడ, ఆ పేజీలు కూడా అతికించి ఇస్తాను. తీసుకెళ్ళండి."

"పుస్తకం ఇవ్వండి. అతికించకండి. పేజీలు విడిగానే ఉండాలి నాకు" అంది పిన్ని.

ఆయన పిన్నినీ నన్నూ మార్చి మార్చి చూసి, జీవితంలో మొదటిసారి తన వ్యాపారం ఎవరికో అర్థమైనట్టు నవ్వాడు. కట్టకు మళ్ళీ దారం ఆయనే కట్టి ఇచ్చాడు.

కారెక్కాక అడిగాను. "ఎలా ఉంది?"

"అద్భుతం."

"తిరిగొచ్చిందా ఆ అమ్మాయి?"

"చెప్పేస్తే ఇంకేముందే! చదువుకో." పుస్తకాన్ని నా ఒళ్ళో పడేసి, పేజీల కట్టను తన బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది. "మొదట్నుంచీ చదువు. పైకి చదువు, నాకు వినబడేట్టు. ఆదివారం ఆదివారం రా. అన్నీ అయ్యాక ఈ పేజీలిస్తాను. పుస్తకం చేతికిస్తేనే సుమా."

"నేను చదివితే కరెంటు బిల్లులా ఉంటుందన్నావుగా?"

"ఉండనీ. అలవాటు పడతాను."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కనబడటం లేదే, వచ్చి చదివిపెట్టవే అని ఒక్క మాట అంటే రానా? దానికోసం ఇన్ని ఊళ్ళు, ఇంత పెట్రోలు, ఇంత దుమ్మా? 'నువ్వు చదివి కన్నీళ్ళు పెట్టుకుంది ధరల పట్టిక పిన్నీ' అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆదివారం ఖాళీ ఉందా అని ఆవిడ అడిగినప్పుడల్లా నేను చెప్పిన కుంటిసాకులు గుర్తొచ్చాయి. అడిగితే రానని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు. ఇప్పుడు ఆ అమ్మాయి తిరిగొచ్చిందో లేదో ఈ కారులో ఎవరికీ తెలియదు.

ఒళ్ళో పుస్తకాన్ని పక్కకు తిప్పి చూశాను. ఎంత లావుందో!

"పిన్నీ, నేను చాలా నిదానం. కూడబలుక్కుని చదువుతాను. ముందే చెబుతున్నా" అన్నాను.

"తెలుసు. అందుకేగా లావుది పట్టుకొచ్చాను" అంది పిన్ని, బ్యాగును చంక కిందికి జరుపుకుంటూ.