కరిచాలనం

టీవీ తెర అడుగున ఎర్ర పట్టీ మీద కుడి నుంచి ఎడమకు వార్తలు పరుగెడుతుంటాయి చూశారూ, వాటిని ఎవరో ఒకరు కూర్చుని కొట్టాలి. ఈ ఛానల్లో పొద్దుటి షిఫ్టులో వాటిని కొట్టేది స్క్రోలక్క. సొంత పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, గేటు దగ్గరి సెక్యూరిటీ నుంచి చీఫ్ ఎడిటర్ దాకా అందరికీ ఆవిడ స్క్రోలక్కే. యాంకర్లు మేకప్ వేసుకుని దేశాలను చీల్చి చెండాడుతుంటే, ఆవిడ వాళ్ల కాళ్ల కింద చప్పుడు చేయకుండా ప్రపంచాన్ని నడిపిస్తుంటుంది. ప్రభుత్వాలు కూలతాయి, నదులు పొంగుతాయి, ఎవరో నటుడు విడాకులు తీసుకుంటాడు, అన్నీ ఒకే వేగంతో పోతాయి. తప్పు లేని స్క్రోలింగును చూసే నాథుడుండడు.

ఆ మధ్య ఎక్కడో రెండు దేశాలు కొట్టుకున్నాయి. నెలల తరబడి రోజూ పొద్దున్నే రాగానే ఆవిడ చేసే మొదటి పని నిన్నటి మృతుల సంఖ్య చెరిపి ఇవాళ్టిది వేయడం. వాళ్ల ఊళ్ల పేర్లు నోరు తిరగనివి. అయినా ఒక్క ఒత్తు తప్పు పోకుండా కొట్టింది. ఆ యుద్ధంలో ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అని సోషల్ మీడియాలో జనం జుట్లు పట్టుకుంటుంటే, ఆవిడకు మాత్రం ఒకటే కోరిక. ఆ అంకె మార్చే పని తప్పితే చాలు.

తప్పింది. ఆ తప్పిన రోజే ఆవిడ కొంప మునిగింది.

ఆ రోజు సాయంత్రం షిఫ్టు అతని భార్యకు నొప్పులొచ్చాయి. "అక్కా, ఈ ఒక్క పూట చూడవా" అని అతను కాళ్లావేళ్లా పడితే, ఈవిడ ఉండిపోయింది. సరిగ్గా ఆ పూటే సంధి కుదిరింది. ఇద్దరు అధ్యక్షులు పొడవాటి బల్లకు చెరోవైపు నుంచి లేచి వచ్చి చేతులు కలిపారు. న్యూస్ రూంలో కాఫీ తెచ్చేవాళ్లతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. "స్క్రోల్! స్క్రోల్!" అని డెస్కు నుంచి కేకేశారు. స్క్రోలక్క కళ్లు తుడుచుకోకుండానే కొట్టేసింది: "ఇరు దేశాధినేతల కరిచాలనం.. ముగిసిన యుద్ధం."

ఆవిడ కొట్టాలనుకున్నది కరచాలనమే. రకారం మీద ఒక గుడి ఎక్కువ పడింది, అంతే. ఆ ఒక్క గుడితో ఇద్దరు మహానుభావులు చేతులు కలపడం మానేసి ఒకరినొకరు కరవడానికి సిద్ధమైపోయారు. పైన తెర మీద ఇద్దరూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారాయె, కింద అక్షరాలు ఆ బొమ్మకు అతికినట్టు సరిపోయాయి. ఆవిడ చూసుకుని గుడి పీకేసేలోపు పట్టీ ఎన్ని చుట్లు తిరిగిందో తెలియదు. ఎవరో ఫొటో తీశారు. తీసినవాళ్లు ఊరుకుంటారా!

ఆవిడ ఇంటికి చేరేసరికి తమ్ముడు సోఫాలో పడి దొర్లుతున్నాడు. వీడి సంగతి కాస్త చెప్పాలి. అమ్మానాన్నా పోయాక వీడిని పెంచి చదివించింది ఈవిడే. పని చేస్తున్న కంపెనీ మూసేశాక రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. ఇంటర్వ్యూలకు వెళ్లి వెళ్లి విసిగి, చివరికి వెళ్లడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే లేచేవాడు, పెడితే తినేవాడు. ఫోనులో ఒక మీమ్ పేజీ మాత్రం నడిపేవాడు. దాన్ని చూసేవాళ్లలో సగం మంది వీడి పాత స్నేహితులు, మిగతా సగం పొరపాటున వచ్చినవాళ్లు. అలాంటివాడు ఇప్పుడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. అక్క ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో కూడా వాడికి పట్టలేదు.

"అక్కా, మీ ఛానలే! చూడు, చూడు. కరిచాలనమట! కుక్క కరిస్తే పొడిచినట్టు ఇద్దరికీ బొడ్డు చుట్టూ సూదులు పెట్టి ఒక మీమ్ చేశా. జనం ఎగబడి షేర్ చేస్తున్నారు." ఊపిరి తిప్పుకుని అడిగాడు. "సాయంత్రం షిఫ్టువాడెవడక్కా? పాపం, వాడి ఉద్యోగం పోదుగా?"

స్క్రోలక్క చెప్పులు విప్పుతున్నదల్లా ఆగింది. నేనేరా అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వాడి ముఖం చూస్తే ఆ మాట వెనక్కి పోయింది. ఆ ముఖం మీద వెలుగు చూసి ఎన్నాళ్లయిందో!

"పోదులే" అంది. "ఇలాంటివి మాకు మామూలే."

మర్నాడు డ్యూటీ చార్టులో పేరు చూసి, సాయంత్రం షిఫ్టు అతని మీదకు అందరూ విరుచుకుపడబోతే, స్క్రోలక్కే ఎడిటర్ గదికి వెళ్లి తప్పు తనదని చెప్పేసింది. ఎడిటర్ మంచివాడే, పిరికివాడు కూడా. బట్టతల నిమురుకుంటూ, "రెండు రోజుల్లో జనం మరిచిపోతారమ్మా. ఈలోగా చల్లారిపోతే నేను చూసుకుంటాను. చల్లారకపోతే మాత్రం నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

అంటే ఆవిడ ఉద్యోగం ఇప్పుడు జనం మతిమరుపు మీద ఆధారపడి ఉంది. మామూలుగా జనానికి దానికేం కొదవ లేదు. నిన్నటి కుంభకోణం ఇవాళ గుర్తుండదు, మొన్నటి వరద నిన్నే మరిచిపోయారు. కానీ ఈ నిప్పు రాజేస్తున్నవాడు ఆవిడ ఇంట్లోనే, ఆవిడ వండిపెట్టింది తింటూ కూర్చున్నాడు.

"అక్కా, ఒక సాయం చెయ్యవా" అన్నాడు ఆ సాయంత్రం భోజనాల దగ్గర. ఆవిడ తలుపు తట్టి పిలవకుండానే లేచి, స్నానం చేసి, గడ్డం గీసుకుని మరీ వచ్చాడు. "బొమ్మలు నేను చేయగలను గానీ మాటలు కుదరట్లేదు. నీకు వార్తల భాష కొట్టిన పిండి కదా. ఇంకో రెండు కరిచాలనాలు చెప్పు."

వద్దురా అని చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. స్క్రోలక్క కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది. "కరిచాలనం స్నేహపూర్వక వాతావరణంలో జరిగిందని ఇరు దేశాల ప్రతినిధుల ప్రకటన."

తమ్ముడికి పొలమారింది. నెత్తిన కొట్టి నీళ్లు తాగించాల్సి వచ్చింది.

"ఇంకోటి! ఇంకోటి!"

"ఎవరికెన్ని కుట్లు పడ్డాయన్న దానిపై సంయుక్త కమిటీ."

"అబ్బా! ఇంకా?"

"మధ్యవర్తిగా తానూ ఓ పంటి గాటు వేస్తానని మూడో దేశం ప్రతిపాదన."

ఈ చివరిది మాత్రం ఆవిడ నవ్వుతూ చెప్పలేదు. యుద్ధం జరిగినన్నాళ్లూ ఆయుధాలు అమ్ముకుని, చివర్లో వచ్చి ఫొటోకు నిలబడ్డ ఆ మూడో దేశాన్ని చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది. స్క్రోలింగులో ఒళ్లు మండటానికి చోటుండదు. అందుకని ఇన్నాళ్లూ లోపలే దాచుకుంది, ఇప్పుడు తమ్ముడి కంచం పక్కన బయటపడింది. వాడు పడీపడీ నవ్వాడు. ఆవిడకూ నవ్వొచ్చింది. ఎన్నేళ్లుగానో రాస్తోంది గానీ, తన మాటకు ఒక మనిషి ఎదురుగా కూర్చుని నవ్వడం ఇదే మొదలు.

ఇక చల్లారడమన్న మాటెక్కడిది! పేజీ పెరిగిపోయింది. పంటి గాటు బనియన్ల మీదకు ఎక్కింది. పోటీ ఛానల్ ఈ విషయం మీద ఒక చర్చ పెట్టి, పాపం, ఇద్దరు మాజీ రాయబారులను పిలిచింది. ఒక పార్టీవాళ్లు ఇది దేశ పరువుకు మచ్చ అన్నారు, ఇంకో పార్టీవాళ్లు అలా అన్నవాళ్లే మచ్చ అన్నారు. ఆ రెండు దేశాల్లో ఒకదాని రాయబార కార్యాలయం నుంచి మర్యాదగా ఒక ఫోను వచ్చిందట, తమ అధ్యక్షుడు ఎవరినీ కరవలేదని.

ఆ ఫోనుతో యాజమాన్యం ఉలిక్కిపడింది. ఎడిటర్ స్క్రోలక్కను పిలిపించాడు. ఆయన ఏమీ చెప్పకముందే ఆవిడకు అర్థమైంది. బట్టతల నిమురుకోవడం కూడా మరిచిపోయి, "పొద్దున షిఫ్టులో ఇంకెవరూ లేరమ్మా, క్షమాపణ స్క్రోలు నువ్వే కొట్టి వెళ్లాలి" అన్నాడు గొణుగుతూ. ఆవిడ తన కుర్చీలో కూర్చుని కొట్టింది: "పొరపాటుకు చింతిస్తున్నాం.. బాధ్యులైన సిబ్బంది తొలగింపు." రెండుసార్లు సరిచూసుకుంది. ఒక్క తప్పూ లేదు. ఆ వాక్యం కుడి నుంచి వచ్చి ఎడమకు వెళ్లిపోవడం నిలబడి చూసి, సంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చేసింది.

మధ్యాహ్నం వేళ ఇల్లు చేరేసరికి తమ్ముడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఇంత త్వరగా వచ్చావేమని అడగనైనా అడగలేదు, ఆవిడ భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పేశాడు.

"ఉద్యోగం వచ్చిందక్కా! ఎక్కడో చెప్పుకో! మీ ఛానల్లోనే! డిజిటల్ విభాగమట. తిట్టేవాళ్లను మనవైపు తిప్పుకోవాలి, పేజీ నడిపేవాణ్నే తీసుకుందాం అనుకున్నారట. రేపే చేరమన్నారు. ఇద్దరం ఒకే బస్సులో వెళ్లొచ్చు!"

పీకేసింది కింది అంతస్తు, పిలిచింది పై అంతస్తు. ఒకళ్ల సంగతి ఒకళ్లకు తెలియదు. స్క్రోలక్క చెప్పులు విప్పి కుర్చీలో కూర్చుంది. చెప్తే వీడు ఆ ఉద్యోగం మొహాన కొడతాడు, మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటాడు. చెప్పకపోతే రేపు గేటు దగ్గర సెక్యూరిటీయే చెప్పేస్తాడు. అదేదో తన నోటి నుంచే విననీ అనుకుంది.

"నువ్వొక్కడివే వెళ్లాలి రా" అంది.

"ఏం, నీకు షిఫ్టు మారిందా?"

"ఆ రోజు సాయంత్రం షిఫ్టులో ఉన్నది నేను."

ఆ మాట వాడి బుర్రకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఉద్యోగం పోదుగా అని అడిగాను కదక్కా నిన్ను!" అన్నాడు. "మొదటి రోజే అడిగాను!"

"అడిగావు."

"మరి ఆ లైన్లెందుకు చెప్పావు? నీ గొయ్యి నీతోనే తవ్వించాను కదా!"

"రెండేళ్ల తర్వాత నీ అంతట నువ్వే లేచి భోజనానికి వచ్చావురా. నవ్వుతూ వచ్చావు. ఊరుకోరా అని ఏ నోటితో అనను?" ఆవిడ భుజాన ఉన్న సంచీ తీసి కింద పెట్టింది. "అబద్ధమెందుకూ, నాకూ సరదాగానే ఉండింది."

తమ్ముడు ఫోను తీసి, పొద్దున తనను పిలిచిన నెంబరుకే కొట్టి, స్పీకర్లో పెట్టాడు. వద్దురా వద్దురా అని ఆవిడ చెయ్యి పట్టుకుంటున్నా వినలేదు. అవతల ఒక అమ్మాయి గొంతు హుషారుగా పలికింది.

"చెప్పండి! రేపు వస్తున్నారు కదా? మూడో దేశం పంటి గాటు లైను మా ఎండీ గారికి తెగ నచ్చేసిందండీ."

"అది నాది కాదండీ. మీకు నచ్చినవేవీ నావి కావు. నేను బొమ్మలు అతికించానంతే. మాటలన్నీ మా అక్కవి."

"అలాగా!" అవతల గొంతులో హుషారేమీ తగ్గలేదు. "అయితే అక్కగారినే పంపండి, బాగుంటుంది. ఆవిడ ఇప్పుడెక్కడైనా చేస్తున్నారా?"

"చేసేదండీ" అన్నాడు తమ్ముడు. "మీ కింది అంతస్తులోనే. ఇవాళ పొద్దున్నే మీరే తీసేశారు."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు, ఎవరితోనో గుసగుసలు. తర్వాత ఆ అమ్మాయి, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంది. పాట ఏదో మొదలైంది. పాట మధ్యలో రికార్డు చేసిన గొంతు ఒకటి తియ్యగా పలికింది. "మీరు మాకు ఎంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి."

స్క్రోలక్క ఫక్కున నవ్వింది. నవ్వి, ఆ నవ్వు ఆపుకోలేక, అందులోనే ఏడ్చేసింది. పొద్దున్నుంచీ రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. తమ్ముడు ఫోనును ఒక చేత్తో ఎడంగా పట్టుకుని, రెండో చేత్తో అక్క తలను తన భుజానికి ఆనించుకున్నాడు. వాడికీ కళ్లు కారుతున్నాయి.

"ఏమన్నా సరే, నువ్వు ఒప్పుకోకు" అన్నాడు పళ్లు బిగించి. "వాళ్ల మొహం చూడొద్దు."

"ముందు ఏమంటారో అననీ రా" అంది స్క్రోలక్క ముక్కు ఎగబీల్చుకుంటూ. "నీ జీతం, నా జీతం విడివిడిగా మాట్లాడు."