ఆరు నుంచి ఏడు దాకా

మూడో ఇంటి గిన్నెలు సగంలో వదిలేసి, మోచేతుల మీద సబ్బు నురగ ఆరకుండానే ఆమె బడికి పరుగెత్తింది. అప్పటికే తల్లిదండ్రుల సమావేశం మొదలైపోయింది. పిల్లల బల్లల్లో పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని ఇరుక్కుని కూర్చున్నారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కూతురు తల్లిని చూసి ఊపిరి పీల్చుకుంది.

"చదువు బడిలో సగం, ఇంట్లో సగం," అంటోంది పంతులమ్మ. "మీరు పాఠాలు చెప్పక్కర్లేదు. సాయంత్రం ఒక్క గంట పక్కన కూర్చోండి, చాలు. మనిషి పక్కనుంటే పిల్లల మనసు నిలుస్తుంది."

"నేను కూర్చుంటే మావాడు లేచిపోతాడండి," అన్నాడు ముందు బల్లలో కూర్చున్న ఓ దర్జీ. గది గొల్లుమంది.

పంతులమ్మ చెప్పింది నిజమేనని ఆమెకు తెలిసినంత బాగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. రోజూ పంతులమ్మ ఇంట్లో గిన్నెలు తోమాక, ఆరు నుంచి ఏడు దాకా, పంతులమ్మ కొడుకు పక్కన కూర్చునేది ఆమే. వాడు పుస్తకం మూస్తే తెరవాలి, తూగితే తట్టాలి. ఆ గంటకు విడిగా జీతం లేదు. "కూర్చోవడం కూడా ఓ పనేనా?" అని ఆమె పనిలో చేరిన రోజే పంతులమ్మ తేల్చేసింది. కొన్నాళ్లు కూతుర్ని వెంట తీసుకెళ్లేది. ఒకరోజు వాడికి రాని లెక్కకు గుమ్మంలోంచి ఈ పిల్ల జవాబు చెప్పేసింది. మర్నాటి నుంచి పిల్లను తేవద్దన్నారు. అప్పట్నుంచి ఆ గంటసేపూ పిల్ల ఇంట్లో, గొళ్లెం బయట.

స్కాలర్‌షిప్ పరీక్షకు పంపే పన్నెండు పేర్లు పంతులమ్మ చదివింది. చివరి పేరు కూతురిది. గట్టెక్కితే పుస్తకాలు, హాస్టలు, పైచదువు అన్నీ ఉచితమే.

"రోజూ ఆరు నుంచి ఏడు దాకా పక్కన కూర్చుంటామని తల్లో తండ్రో సంతకం పెట్టాలి," అంది పంతులమ్మ. ఆమె వంతు వచ్చింది.

"నీ పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "ఎవరూ లేరండి."

"ఆ టైములో నువ్వేం చేస్తుంటావు?"

పంతులమ్మ గొంతులో వెటకారం లేదు. నిజంగానే గుర్తు రాలేదు.

"పనిలో ఉంటానండి."

"పనులు అందరికీ ఉంటాయమ్మా. కన్నాక పట్టించుకోవాలి. పిల్లంటే గిన్నె కాదు, కడిగి బోర్లించి పోవడానికి."

గది మళ్లీ నవ్వింది. దర్జీ మాత్రం తల దించుకున్నాడు.

ఆమె వేలిముద్ర వేసింది. అరిగిన వేలి గీతలు కాగితం మీద పడలేదు. రెండోసారి గట్టిగా అదిమింది.

అందరూ వెళ్లాక, కూతురి చేయి పట్టుకుని గేటు దాటబోతుంటే పంతులమ్మ వెనక నుంచి పిలిచింది.

"ఇవాళ పెందలాడే రా. రేపు మావాడికి పరీక్ష. ఎనిమిదింటి దాకా కూర్చోవాలి."

"కూర్చోనండి. గిన్నెలు తోమేసి ఆరింటికల్లా వెళ్లిపోతాను. ఇప్పుడే కదండీ వేలిముద్ర వేయించారు."

పంతులమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా గొంతు పెంచలేదు.

"అలాగా. అయితే గిన్నెలకూ రానక్కర్లేదు. ఈ కాగితం పైకి వెళ్లేది రేపు. పన్నెండో పేరు ఎవరిదైనా కావచ్చు. ఆలోచించుకో."

"వస్తుంది టీచర్," అంది కూతురు గబగబా. "మా అమ్మ వస్తుంది. నేను ఒక్కదాన్నే చదువుకుంటాను. గొళ్లెం పెట్టినా ఏం కాదు, నాకు అలవాటే."

"చూశావా, పిల్లకున్న బుద్ధి నీకు లేదు."

ఆమె కూతురి ముఖంలోకి చూడలేదు. చూస్తే మాట మారిపోతుందని తెలుసు.

"రానండి," అంది.

పిల్ల తల్లి చేయి వదిలేసింది. నాలుగడుగులు వెనక్కి నడిచి, పంతులమ్మ పక్కన నిలబడింది.