పుణ్యం ఆయనది, రెట్ట నాది

పావురాల రెట్ట ఎండితే చీపురుకు రాదు. నీళ్లు చల్లి నానబెట్టి, పాత అట్లకాడతో గీకాలి. చిక్కడపల్లిలో మా బాల్కనీని రోజూ పొద్దున్నే అలా గీకి, కడిగి, ఆ తర్వాత నారాయణగూడలో కాలేజీ పిల్లలకు పాఠం చెప్పడానికి పరుగెత్తుతాను. మా మామగారు కిషన్ రావుగారు అక్కడే జొన్నలు చల్లి పుణ్యం సంపాదిస్తారు. పుణ్యం ఆయనది, రెట్ట నాది. ఈ పంపకం నేను కాపురానికొచ్చిన కొత్తలోనే, నన్నడక్కుండా జరిగిపోయింది.

దగ్గు మొదలైతే చలికాలమన్నారు. మెట్లెక్కితే ఆయాసమొస్తోందంటే లావయ్యానన్నారు. చివరికి డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "ఇంట్లో పావురాలున్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. "వాటినైనా రాకుండా చేయండి, మీరైనా ఇల్లు మారండి. ఇలాగే ఉంటే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్లీ మామూలవవు" అంది. ఆ మాట ఇంట్లో చెబితే మామగారు కళ్లు మూసుకుని విన్నారు. పాపం, నా గురించి బాధపడుతున్నారనుకున్నాను.

"నోరులేని జీవాలమ్మా. పొద్దుగాల నా కోసం ఎదురుచూస్తయి. గింజలెయ్యకుంటే యాడికి పోతయి?" అన్నారు.

నా భర్త శశాంక్ అక్కడికక్కడే పరిష్కారం చెప్పాడు. "మాస్క్ పెట్టుకొని ఊడ్వు. గింత దానికి నాయన్ను పరేషాన్ చెయ్యకు." ఊడ్చే మనిషి మారొచ్చన్న ఆలోచన అంత పెద్ద బుర్రకు తట్టలేదు. గొప్ప జీవదయ గల వంశం! చీమను తొక్కితే చెంపలేసుకుంటారు. నేను వంటగట్టు పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, చాయ్ ఆలస్యమైందంటారు.

ఒక ఆదివారం అశోక్ నగర్ నుంచి మామగారి స్నేహితులు ఆయన పావురాలను చూడ్డానికొచ్చారు. చాయ్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లేసరికి నాకు దగ్గు ముంచుకొచ్చింది. పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"జర లోపలికి పో అమ్మా, నీ దగ్గుకు బెదురుతున్నయి" అన్నారు మామగారు, ఎంతో మెత్తగా.

మర్నాటి నుంచి నేను బాల్కనీ ఊడ్వలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. రెట్ట పేరుకుంది. గాలి వీస్తే దాని పొడి హాల్లోకి రావడం మొదలుపెట్టింది. చీపురు గోడకానించే ఉంది. తండ్రీకొడుకులిద్దరూ దాని పక్కనుంచే తిరిగారు. ఆ వారంలోనే మామగారు దగ్గారు. రెండోసారి కూడా దగ్గారు. శశాంక్ సెలవు పెట్టి ఆయన్ను అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట, దుమ్ముకు గొంతు గరగరలాడిందట. ఆ సాయంత్రానికే ఒకతను వచ్చి బాల్కనీకి వల బిగించాడు.

"నాయన పాణం కన్నా పావురాలెక్కువనా?" అన్నాడు శశాంక్, ఆ సంగతి నాకు నేర్పుతున్నట్టు.

నేను రాంనగర్‌లో ఒక గది కిరాయికి మాట్లాడుకున్నాను. గుమ్మం దగ్గర నా పెట్టె చూసి శశాంక్ ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, ఆ మనిషి!

"ఏంది రచనా ఇది? పావురాలు పోయినయి గదా, ఇంకెందుకు పోతున్నవ్?"

"పావురాలతోని నాకేం లొల్లి లేదు శశాంక్. ఈ ఇంట్ల నా దగ్గు విని లేచినయి అవొక్కటే."